రెండు లెక్కల దేశం

నెల్లూరు ఎండలో, రెండు వందల ఏళ్ల కిందటి అమెరికా గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే అది నా ఘనత కాదు, మాకు పాఠాలు చెప్పిన మాస్టారిది.

ఆయన క్లాసులో నోట్సు రాయించేవారు కాదు. బోర్డు మీద రెండో మూడో తేదీలు రాసి, చేతికంటిన సుద్ద దులుపుకుని, "వీటికి చుట్టరికం ఏమిట్రా?" అని కుర్చీలో కూర్చునేవారు. పరీక్షలు దగ్గరపడిన రోజుల్లో మాకు ఒళ్లు మండేది. పక్క సెక్షన్ వాళ్లకు పేజీలకు పేజీలు నోట్సు ఉండేది, మాకు ఉత్త తేదీలు మిగిలేవి. తర్వాత నేనూ ఆ పాఠాలే చెప్పి రిటైరయ్యాను. నోట్సు రాయించిన పాఠాలు నాకే గుర్తులేవు. తేదీలు మాత్రం ఇప్పటికీ నిద్రపోనివ్వవు. ఆయన పేరు మీద ఉపన్యాసం గనక ఆయన పద్ధతిలోనే మొదలుపెడతాను. బోర్డు లేదు, మనసులో రాసుకోండి.

1819 ఫిబ్రవరి 13. 1819 ఫిబ్రవరి 22. 1819 మార్చి 6. మూడూ వాషింగ్టన్ నగరంలోనే, మూడు వారాల్లో.

చివరి నుంచి వెనక్కి వద్దాం. మేరీలాండ్ రాష్ట్రం జాతీయ బ్యాంకు మీద పన్ను వేసింది. బాల్టిమోర్ శాఖ క్యాషియరు మెకల్లక్ కట్టనన్నాడు. మార్చి 6న సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ తీర్పు చెప్పాడు. రాష్ట్రానికి ఆ అధికారం లేదన్నాడు. యూనియన్ అంటే రాష్ట్రాలు తమలో తాము రాసుకున్న ఒప్పంద పత్రం కాదని, దేశ ప్రజలు నిలబెట్టుకున్న ప్రభుత్వమని తేల్చాడు. అంతకు రెండు వారాల ముందు, ఫిబ్రవరి 22న, విదేశాంగ మంత్రి జాన్ క్విన్సీ ఆడమ్స్ స్పెయిన్‌తో సంధి మీద సంతకం చేశాడు. ఫ్లోరిడా అమెరికాకు వచ్చింది. అట్లాంటిక్ ఒడ్డున పుట్టిన దేశం సరిహద్దు గీత పసిఫిక్ సముద్రం దాకా పాకింది. ఆ రోజు రాత్రి ఆడమ్స్ తన డైరీలో, ఇది నా జీవితంలోకెల్లా ముఖ్యమైన రోజేమో అన్న ధోరణిలో రాసుకున్నాడు.

ఇక మొదటి తేదీ. ఫిబ్రవరి 13న ప్రతినిధుల సభలో మిస్సోరీని రాష్ట్రంగా చేర్చుకునే బిల్లు చర్చకు వచ్చింది. న్యూయార్క్ సభ్యుడు జేమ్స్ టాల్మడ్జ్ లేచి ఒక సవరణ పెట్టాడు. మిస్సోరీలోకి ఇకమీదట కొత్తగా బానిసలను తేకూడదు. రాష్ట్రం ఏర్పడ్డాక అక్కడ పుట్టిన బానిసల పిల్లలకు 25 ఏళ్లు నిండగానే విడుదల. సవరణ అంతే. అప్పటికే అక్కడ బానిసలుగా ఉన్న పదివేల మంది జోలికి ఆయన పోలేదు. టాల్మడ్జ్ ఆ సభలో ఉన్నది ఒక్క దఫానే, పేరుమోసిన నాయకుడేమీ కాదు.

దేశం అంత బలంగా ఒకటైన మూడు వారాల్లోనే దేశాన్ని నిలువునా చీల్చే మాట ఎలా పుట్టింది? పాఠ్యపుస్తకాలు దీనికి తేలిక దారి కనిపెట్టాయి. ఒక అధ్యాయానికి 'జాతీయ భావన' అని పేరు, తర్వాతి అధ్యాయానికి 'ప్రాంతీయ వైషమ్యాలు' అని పేరు. మొదటిది అయిపోయాక రెండోది మొదలైనట్టు. నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను. ఇప్పుడు ఆ పాఠం తప్పని ఒప్పుకోవడానికే ఈ సభకు వచ్చాను. ఆ రెండూ ఒకే చెట్టు కాయలు. దేశం ఎదగాలన్న ఆరాటమే బానిసత్వాన్ని మళ్లీ మళ్లీ చర్చలోకి లాగింది. కొత్త భూమి చేరిన ప్రతిసారీ లెక్క వేయాల్సి వచ్చింది, లెక్క వేసిన ప్రతిసారీ ఎవరిని మనిషిగా లెక్కపెట్టాలన్న ప్రశ్న బయటపడింది.

ఆ లెక్క మొదలైంది 1787లో, ఫిలడెల్ఫియాలో. అప్పుడు రాసిన రాజ్యాంగంలో 'బానిస' అన్న మాట ఎక్కడా లేదు. చూడనివాళ్లు నమ్మరు. 'మిగతా వ్యక్తులందరూ' అని రాశారు, చాకిరీకి కట్టుబడిన వ్యక్తి అని రాశారు. పెళ్లివారింట చావు మాట ఎత్తనట్టు, ఆ పేరు ఎత్తకుండానే దానికి మూడు గదులు కట్టించారు. ప్రతినిధుల సభలో సీట్లు పంచేటప్పుడు ఐదుగురు బానిసలను ముగ్గురుగా లెక్కపెట్టాలి. విదేశాల నుంచి బానిసలను తెచ్చే వ్యాపారాన్ని 1808 దాకా కాంగ్రెస్ నిషేధించకూడదు. ఒక రాష్ట్రం నుంచి పారిపోయిన బానిసను మరో రాష్ట్రం తిరిగి అప్పగించాలి.

ఐదింట మూడు వంతుల లెక్క దగ్గర విద్యార్థులు ఎప్పుడూ ఒక పొరపాటు పడతారు. నల్లమనిషిని ముప్పాతిక మనిషిగా కూడా చూడలేదు, దక్షిణాది వాళ్లు అంత హీనంగా లెక్కగట్టారు అని రాస్తారు. నిజం తిరగబడి ఉంది. పూర్తిగా లెక్కపెట్టమన్నది దక్షిణాది యజమానులే. బానిసకు ఓటు లేదు, కానీ అతని తల చూపించి యజమాని రాష్ట్రానికి సీట్లు కావాలి. అసలు లెక్కపెట్టొద్దన్నది ఉత్తరాది. బేరం తెగిన చోటు అది. ఆ బేరం వల్ల దక్షిణాదికి సభలో సీట్లు పెరిగాయి, సీట్లను బట్టి అధ్యక్ష ఎన్నికలో ఓట్లూ పెరిగాయి. మొదటి ఐదుగురు అధ్యక్షుల్లో నలుగురు వర్జీనియా వాళ్లు, నలుగురూ బానిసల యజమానులు.

రాజ్యాంగం రాసినవాళ్లలో చాలామంది బానిసత్వం దానంతటదే సన్నగిల్లుతుందని నమ్మారు. పొగాకు పొలాలు సారం కోల్పోతున్నాయి, ఉత్తరాది రాష్ట్రాలు ఒకటొకటిగా విడుదల చట్టాలు చేస్తున్నాయి. అదే 1787లో ఒహాయో నదికి ఉత్తరాన ఉన్న భూభాగంలో బానిసత్వాన్ని నిషేధిస్తూ చట్టమూ వచ్చింది. అప్పుడు పత్తి వచ్చింది. 1793లో ఎలీ విట్నీ గింజ తీసే యంత్రం తయారుచేశాడు. గుంటూరు, ఆదిలాబాద్ వైపు జిన్నింగ్ మిల్లు చూసినవాళ్లకు నేను వివరించక్కర్లేదు. ఇంజన్ అన్న మాటను కత్తిరిస్తే మిగిలిన ముక్కే ఆ 'జిన్'. రోజంతా కూర్చుని ఒక మనిషి గింజ వలిచే పొట్టి పింజ పత్తిని యంత్రం చిటికెలో వలిచింది. పని తగ్గిందని అనుకుంటాం. వలిచే పని తగ్గింది, వేసే పని, ఏరే పని పెరిగాయి. జార్జియా నుంచి మిసిసిపీ నది దాకా కొత్త భూములు పత్తికి తెరుచుకున్నాయి. 1790లో దేశంలో బానిసలు దాదాపు 7 లక్షల మంది. 1820 నాటికి 15 లక్షలు దాటారు. మధ్యలో 1808 నుంచి విదేశీ రవాణా నిషేధమైంది. ఆ తర్వాత వర్జీనియా, మేరీలాండ్ యజమానులకు తమ పొలాల్లో పొగాకు కన్నా తమ గుడిసెల్లో పుట్టే పిల్లలు ఎక్కువ ధర పలికారు. గొలుసుల్లో కట్టి పడమటికి నడిపించే వ్యాపారం పెరిగింది.

దేశం మాత్రం సంబరంలో ఉంది. 1812 నుంచి ఇంగ్లండ్‌తో యుద్ధం. 1814 ఆగస్టులో ఆంగ్ల సైన్యం వాషింగ్టన్ వచ్చి కాపిటల్ భవనాన్ని తగలబెట్టింది. ఆ చలికాలంలో న్యూ ఇంగ్లండ్ రాష్ట్రాల ఫెడరలిస్టు పార్టీ నాయకులు హార్ట్‌ఫర్డ్‌లో సమావేశమై కొన్ని రాజ్యాంగ సవరణలు కోరారు. ఐదింట మూడు వంతుల లెక్క తీసేయమన్నది వాటిలో ఒకటి. వాళ్ల దూతలు ఆ కోరికలు పట్టుకుని వాషింగ్టన్ చేరేసరికి న్యూ ఆర్లీన్స్‌లో ఆండ్రూ జాక్సన్ గెలిచిన వార్త, సంధి కుదిరిన వార్త అక్కడికి వచ్చేశాయి. దూతలు నవ్వులపాలయ్యారు, ఫెడరలిస్టు పార్టీ ఇక లేవలేదు. వాళ్లడిగిన దాంట్లో న్యాయం ఎంత అన్నది ఎవరూ చూడలేదు. యుద్ధం గెలిచామన్న ఊపులో అడిగినవాళ్లు ద్రోహుల్లా కనిపించారు. ఇది ఒక్క అమెరికాలో జరిగేది కాదనుకోండి.

1816లో కొత్త జాతీయ బ్యాంకు, దేశీయ పరిశ్రమలను కాపాడే సుంకం వచ్చాయి. తర్వాతి సంవత్సరం రోడ్లకు, కాలువలకు కేంద్రం డబ్బిచ్చే బిల్లు. ఈ మూడింటినీ సభలో భుజాన వేసుకున్నవాడు దక్షిణ కెరొలైనా యువ నాయకుడు జాన్ కాల్‌హూన్. ఈ పేరు గుర్తుంచుకోండి. 1817 వేసవిలో కొత్త అధ్యక్షుడు జేమ్స్ మన్రో ఉత్తరాది పర్యటనకు వెళితే, పాత ప్రత్యర్థులైన ఫెడరలిస్టుల కోట బోస్టన్ నగరం బ్రహ్మరథం పట్టింది. అక్కడి ఫెడరలిస్టు పత్రికే ఇది సద్భావనల కాలం అని రాసింది. ఆ పేరు చరిత్రలో స్థిరపడిపోయింది.

ఎవరి సద్భావన అని మాస్టారైతే అడిగేవారు. ఆ సంవత్సరం జనవరిలోనే ఫిలడెల్ఫియాలో బెతెల్ చర్చిలో దాదాపు మూడు వేల మంది స్వేచ్ఛా నల్లజాతీయులు గుమిగూడారు. అంతకు ముందు నెల వాషింగ్టన్‌లో పెద్దమనుషులు కలిసి ఒక సంఘం పెట్టారు. స్వేచ్ఛ పొందిన నల్లవాళ్లను ఆఫ్రికాకు పంపించేయడం దాని ఉద్దేశం. జాతీయ భావన అప్పుడు ఎంత విశాలంగా ఉందంటే ఉత్తరాది వాళ్లూ దక్షిణాది వాళ్లూ ఈ పనికి కలిసి కూర్చున్నారు. బెతెల్ సభను నడిపినవాళ్లలో జేమ్స్ ఫోర్టెన్ ఒకడు. స్వాతంత్ర్య యుద్ధంలో కుర్రవాడిగా ఓడ మీద పనిచేసి ఆంగ్లేయుల చేతికి ఖైదీగా చిక్కినవాడు, తర్వాత తెరచాపల వ్యాపారంలో ధనికుడైనవాడు. మొదట్లో అతనికి ఆ వలస ఆలోచన మీద కొంత మొగ్గు ఉండేది. సభ మాత్రం ఒక్క గొంతుతో కాదంది. మా పూర్వులు ఈ నేలను సాగు చేశారు, దీని ఫలంలో మాకు వాటా ఉంది, ఇంకా బానిసత్వంలో ఉన్న మా వాళ్లను వదిలి ఎక్కడికీ పోము అని తీర్మానించింది. ఆ కాలంలో అమెరికా జాతీయత గురించి వెలువడిన పత్రాల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. మార్షల్ తీర్పు కన్నా కూడా.

మళ్లీ టాల్మడ్జ్ దగ్గరకు వద్దాం. ఆయన సవరణ మీద చర్చ మూడు రోజులు నడిచింది. కాలిన కాపిటల్ ఇంకా బాగు కాలేదు, సభ ఒక తాత్కాలిక ఇటుకల భవనంలో జరుగుతోంది. జార్జియా సభ్యుడు థామస్ కాబ్ టాల్మడ్జ్ వైపు తిరిగి, మీరు నిప్పు రాజేశారు, ఈ మంటను సముద్రాలు ఆర్పలేవు, నెత్తురు ఏరులై పారితేనే ఆరుతుంది అన్నాడు. టాల్మడ్జ్ వెనక్కి తగ్గలేదు. అంతర్యుద్ధమే రావాలంటే రానివ్వండి అన్నాడు. నలభై రెండేళ్ల తర్వాత జరగబోయేదాన్ని ఆ ఇద్దరూ ముందే పలికేశారు.

ఆ ప్రసంగంలోనే ఒక చోట టాల్మడ్జ్ సభను కిటికీ వైపు చూడమన్నంత పని చేశాడు. చర్చ జరుగుతుండగానే ఒక మనుషుల వ్యాపారి పదిహేను మంది దాకా బానిసలను తోలుకుంటూ సభాభవనం గుమ్మం ముందు నుంచి పడమటికి వెళ్లాడు. మగవాళ్లకు సంకెళ్లు, వెనక ఆడవాళ్లు, పిల్లలు, వాళ్ల మీద కొరడా. వాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. దేశం ఎంత పడమటికి పెరగాలని లోపల మాట్లాడుకుంటున్నారో, బయట ఆ పెరుగుదల నడిచి వెళుతోంది. ఈ దృశ్యం దొరికాకే నేను ఆ రెండు అధ్యాయాల పాఠం మానేశాను.

ఇంకో ఘర్షణ కూడా చెప్పాలి. న్యూ హాంప్‌షైర్ సభ్యుడు ఆర్థర్ లివర్‌మోర్ బానిసత్వానికి వ్యతిరేకంగా గట్టిగా మాట్లాడాడు. వర్జీనియాకు చెందిన కోల్‌స్టన్ మండిపడ్డాడు. గ్యాలరీల్లో కూర్చున్నవాళ్లు వినాలని మాట్లాడుతున్నావు, బానిసలను తిరుగుబాటుకు రెచ్చగొడుతున్నావు అన్నాడు. అంతకు ముందు సంవత్సరం ఫ్లోరిడాలో జాక్సన్ మరణశిక్ష అమలు చేయించిన ఇద్దరు బ్రిటిష్ పౌరుల గతే నీకూ పట్టాలన్నాడు. తోటి సభ్యుణ్ని చట్టసభలోనే అంత మాట. కోపం వెనక ఉన్నది భయం. ప్రజాస్వామ్యంలో చర్చ బహిరంగంగా జరుగుతుంది. బహిరంగంగా జరిగితే బానిసలూ వింటారు.

సవరణ మొదటి భాగం ప్రతినిధుల సభలో 87-76 తేడాతో, రెండో భాగం 82-78తో నెగ్గాయి. ఓట్లు పార్టీని బట్టి పడలేదు, ప్రాంతాన్ని బట్టి పడ్డాయి. సెనేట్ రెండింటినీ కొట్టేసింది. మార్చిలో సభ గడువు ముగిసింది. బిల్లు ఎటూ కాకుండా పోయింది.

వేసవంతా ఉత్తరాది పట్టణాల్లో సభలు జరిగాయి. డిసెంబరులో అలబామా చేరడంతో బానిస రాష్ట్రాలు 11, స్వేచ్ఛా రాష్ట్రాలు 11 అయ్యాయి. సెనేట్‌లో తక్కెడ సమంగా నిలిచింది. మిస్సోరీ ఏ పళ్లెంలో పడితే అటు మొగ్గుతుంది. అప్పుడే మసాచుసెట్స్ నుంచి విడిపోతున్న మెయిన్ కూడా రాష్ట్ర హోదా అడుగుతోంది. మసాచుసెట్స్ ఇచ్చిన గడువు 1820 మార్చి 4. సెనేట్ రెండు బిల్లులనూ ఒకే తాడుకు కట్టింది, మిస్సోరీ దాటితేనే మెయిన్ దాటుతుంది. ఇల్లినాయ్ సెనేటరు జెస్సీ థామస్ దానికి ఒక గీత కలిపాడు. లూసియానా కొనుగోలు భూభాగంలో 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి ఉత్తరాన, మిస్సోరీ తప్ప, బానిసత్వం ఎప్పటికీ ఉండకూడదు.

మాటలు వారాల తరబడి సాగాయి. ఉత్తర కెరొలైనాలోని బన్‌కూమ్ జిల్లా నుంచి వచ్చిన ఫెలిక్స్ వాకర్ సభ విసిగిపోయాక లేచి, నేను సభకోసం కాదు, బన్‌కూమ్ కోసం మాట్లాడతానన్నాడు. పస లేని ఉపన్యాసానికి ఆంగ్లంలో వాడే 'బంకమ్' అన్న మాట అక్కడ పుట్టిందే. ఉపన్యాసం ఇస్తున్న నేను ఆ మాట దగ్గర ఎక్కువసేపు ఆగడం క్షేమం కాదు.

1820 మార్చి 2న ప్రతినిధుల సభ మిస్సోరీ మీద ఆంక్షను 90-87 తేడాతో వదులుకుంది. దక్షిణాదితో కలిసి ఓటేసిన ఉత్తరాది సభ్యులను వర్జీనియాకు చెందిన జాన్ రాండాల్ఫ్ పిండి ముఖాలని వెక్కిరించాడు. వాళ్లు చేసింది తన ప్రాంతానికి మేలే అయినా ఆయనకు ఏ రాజీ మీదా గౌరవం లేదు. మర్నాడు ఆ ఓటును పునఃపరిశీలించాలని రాండాల్ఫ్ తీర్మానం పెట్టబోయాడు. ముందు మామూలు పనులు కానివ్వండి, తర్వాత చూద్దాం అని స్పీకర్ హెన్రీ క్లే ఆయన్ని ఆపాడు. ఆ మామూలు పనులు నడుస్తుండగా గుమస్తా బిల్లు పట్టుకుని సెనేట్‌కు వెళ్లిపోయాడు. రాండాల్ఫ్ మళ్లీ లేచేసరికి, బిల్లు మన చేతిలో లేదే అన్నాడు క్లే. ఇలాంటి పనులు చేసే ఆయన మహా రాజీకారుడని పేరు తెచ్చుకున్నాడు.

బిల్లు మన్రో బల్ల మీదికి వచ్చింది. సంతకం పెట్టే ముందు మంత్రులను పిలిచి, భూభాగాల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెస్‌కు ఉందా అని అడిగాడు. అందరూ ఉందన్నారు, అప్పటికి యుద్ధమంత్రిగా ఉన్న కాల్‌హూన్‌తో సహా. ఆ రోజు ఆఫీసు నుంచి ఆడమ్స్, కాల్‌హూన్ కలిసి నడిచి ఇంటికి వెళ్లారు. దారిలో కాల్‌హూన్ చెప్పిన మాటలు ఆడమ్స్ రాత్రి డైరీలో రాసుకున్నాడు. మా దక్షిణాదిలో ఊడిగం బానిసల పని. ఏ తెల్లవాడూ ఆ పని చేయడు గనకనే తెల్లవాళ్లంతా సమానమన్న భావన అక్కడ గట్టిగా ఉంది. నేను నాగలి పట్టాను, మా నాన్నా పట్టాడు, అందులో తప్పులేదు, కానీ ఇంట్లో తెల్ల పనిమనిషిని పెట్టుకుంటే నా పరువు పోతుంది. కాల్‌హూన్ మాటల సారం ఇది. కొందరి సమానత్వం మరికొందరి మెడ మీద నిలబడుతుందన్న మాట అంత నిర్మొహమాటంగా చెప్పినవాళ్లు తక్కువ. మెత్తగా, స్నేహంగా చెప్పాడు పైగా. ఏ పని ఎవరి చేతికి తగినదన్న లెక్క మన ఊళ్లవాళ్లకు కొత్త కాదు గనక ఈ పేజీ చదివేటప్పుడు నాకు పరాయి దేశం చదువుతున్నట్టు అనిపించదు. ఆడమ్స్ మాత్రం శ్రమనూ దాస్యాన్నీ ఒకటిగా చూడటమే బానిసత్వం చేసిన కీడు అని రాసుకున్నాడు. రాసుకుని, రాజీకి మద్దతిచ్చాడు. మార్చి 6న మన్రో సంతకం చేశాడు.

మాంటిచెల్లో కొండ మీద 77 ఏళ్ల థామస్ జెఫర్సన్ ఈ వార్తలు విన్నాడు. ఏప్రిల్‌లో మెయిన్ నాయకుడు జాన్ హోమ్స్‌కు రాసిన ఉత్తరంలో, నడిరాత్రి నిప్పంటుకున్నప్పుడు మోగే గంటలా ఈ ప్రశ్న నన్ను ఉలిక్కిపడేలా చేసింది, యూనియన్‌కు చావు గంటలా వినిపించింది అన్నాడు. తోడేలును చెవులు పట్టుకున్నట్టుంది, పట్టుకునీ ఉండలేం, వదలనూ లేం అని కూడా అన్నాడు. ఈ రెండు పోలికలూ అందరూ చెప్పుకుంటారు. నాకు ఆ ఉత్తరం మీద వేరే ఫిర్యాదు ఉంది. గంట మోగించింది టాల్మడ్జ్ అన్నట్టే రాశాడు గానీ, నిప్పు గురించి పెద్దగా మాట్లాడలేదు. ఇదే జెఫర్సన్ 1784లో పడమటి భూభాగాలన్నిటిలో బానిసత్వం ఉండకూడదని ప్రతిపాదించినవాడు, అది ఒక్క ఓటు తక్కువై పోయింది. ఇప్పుడు బానిసలను విశాలమైన నేల మీద పలుచగా పరిస్తే వాళ్ల బతుకు మెరుగై, విడుదల తేలికవుతుందంటున్నాడు. 1814లో వర్జీనియా యువకుడు ఎడ్వర్డ్ కోల్స్ విడుదల ఉద్యమానికి ముందుండమని అడిగితే, నాకు వయసైపోయింది, నువ్వూ రాష్ట్రం విడిచి వెళ్లకు అని జవాబిచ్చాడు. కోల్స్ విన్లేదు. 1819లో తన బానిసలను వెంటబెట్టుకుని పడమటికి బయలుదేరి, ఒహాయో నది మీద పడవలోనే మీరంతా స్వతంత్రులని చెప్పి, ఇల్లినాయ్‌లో కుటుంబానికి 160 ఎకరాల చొప్పున ఇచ్చాడు. తోడేలు చెవులు వదలొచ్చని తెలిసినవాడు ఒకడైనా ఉన్నాడు.

రాజీ కుదిరిందని దేశం ఊపిరి పీల్చుకునేలోపు మిస్సోరీ తన రాజ్యాంగం రాసి పంపింది. స్వేచ్ఛా నల్లజాతీయులు, మిశ్రమ సంతతి వాళ్లు మా రాష్ట్రంలోకి వచ్చి స్థిరపడకుండా చట్టం చేయాలని అందులో ఉంది. ఒక రాష్ట్ర పౌరుడి హక్కులు అన్ని రాష్ట్రాల్లోనూ చెల్లుతాయని జాతీయ రాజ్యాంగం అంటోంది. మసాచుసెట్స్‌లో నల్లవాళ్లకు ఓటుంది. మరి వాళ్లు పౌరులా, కాదా? సభ మళ్లీ రెండుగా చీలింది, మిస్సోరీ గుమ్మంలోనే ఆగింది.

1821 ఫిబ్రవరి 14న అధ్యక్ష ఎన్నిక ఓట్లు లెక్కపెట్టడానికి రెండు సభలూ కలిశాయి. మన్రోకు పోటీ లేదు, మళ్లీ ఎన్నికయ్యాడు. ఎలక్టర్ల ఓట్లలో ఒకే ఒక్కటి, న్యూ హాంప్‌షైర్‌కు చెందిన విలియం ప్లూమర్‌ది, ఆడమ్స్‌కు పడింది. జార్జి వాషింగ్టన్ తర్వాత ఏ అధ్యక్షుడికీ అంత ఏకగ్రీవం దక్కలేదు. దేశ ఐక్యతకు అంతకన్నా గుర్తు ఏం కావాలి? మిస్సోరీ మూడు ఓట్ల పెట్టె తెరవబోగానే మన పాత మిత్రుడు లివర్‌మోర్ లేచాడు. మిస్సోరీ రాష్ట్రమే కాదు, దాని ఓట్లు లెక్కలోకి రావన్నాడు. గందరగోళం. సెనేటర్లు బయటికి వెళ్లిపోయారు. చివరికి ముందే అనుకున్న ఉపాయం ప్రకారం ఫలితం చదివారు: మిస్సోరీని కలిపితే మన్రోకు 231 ఓట్లు, కలపకపోతే 228, ఎలా చూసినా మన్రో గెలిచాడు. అధ్యక్షుడు ఎవరో తెలిసింది, దేశంలో ఎన్ని రాష్ట్రాలో తెలియలేదు. నా ఉపన్యాసానికి పేరు ఆ మధ్యాహ్నం నుంచి తెచ్చుకున్నాను.

రెండు వారాల్లో క్లే రెండో రాజీ కుదిర్చాడు. నల్లజాతీయుల రాకను ఆపే ఆ నిబంధనను జాతీయ రాజ్యాంగానికి విరుద్ధంగా అమలు చేయబోమని మిస్సోరీ శాసనసభ హామీ ఇవ్వాలి. మిస్సోరీ హామీ ఇచ్చింది, ఇలాంటి హామీ మమ్మల్ని కట్టిపడేయదని అందులోనే రాసింది. 1821 ఆగస్టు 10న మన్రో దాన్ని రాష్ట్రంగా ప్రకటించాడు.

గ్యాలరీల గురించి కోల్‌స్టన్ పడ్డ భయం ఉత్తదేమీ కాదు. 1822లో దక్షిణ కెరొలైనాలోని చార్లెస్టన్‌లో తిరుగుబాటుకు పథకం వేశాడని డెన్మార్క్ వెసీ అనే వడ్రంగిని పట్టుకున్నారు. 1799లో లాటరీలో గెలిచిన డబ్బుతో తన స్వేచ్ఛ తాను కొనుక్కున్నవాడు. సెనేట్‌లో మిస్సోరీకి వ్యతిరేకంగా రూఫస్ కింగ్ చేసిన ప్రసంగం వెసీ మిత్రులకు వినిపించాడని విచారణలో సాక్ష్యం వచ్చింది. 35 మందిని ఉరితీశారు. ఓడల మీద వచ్చే స్వేచ్ఛా నల్ల నావికులను ఓడ రేవులో ఉన్నంతకాలం జైల్లో పెట్టాలని రాష్ట్రం చట్టం చేసింది. అది చెల్లదని 1823లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం జాన్సన్, తానూ చార్లెస్టన్ వాడే, తీర్పు చెప్పాడు. రాష్ట్రం లెక్కచేయలేదు. మార్షల్ తీర్పు వచ్చి నాలుగేళ్లే అయింది. బ్యాంకు పన్ను విషయంలో నిలిచిన జాతీయ అధికారం నావికుడి విషయంలో నిలవలేదు. 1830 తర్వాత సుంకం పేరుతో దక్షిణ కెరొలైనా కేంద్ర చట్టాన్నే రద్దు చేస్తానని లేచినప్పుడు దాని వెనక సిద్ధాంతకర్త ఎవరో తెలుసుగా, మన కాల్‌హూనే. బ్యాంకూ సుంకమూ రోడ్లూ మోసిన ఆ జాతీయవాదే. సుంకం ఒక సందర్భం మాత్రమే, అసలు కారణం దక్షిణాది ఇంటి వ్యవస్థ, అంటే బానిసత్వమే, అని 1830లో ఒక మిత్రుడికి ఉత్తరంలో ఆయనే ఒప్పుకున్నాడు.

నెల్లూరులో ఉండి ఒక సంగతి చెప్పకపోతే మాస్టారు ఒప్పుకోరు. యుద్ధం ముగిసే ఆ జాతీయ ఉత్సాహంలోనే, 1814లో, అమెరికా అంతటి బాప్టిస్టులు ఫిలడెల్ఫియాలో కలిసి విదేశీ మిషన్ల కోసం ఒకే సంస్థ పెట్టుకున్నారు. ఉత్తరం, దక్షిణం అన్న తేడా లేదు. ఆ సంస్థ పంపిన శామ్యూల్ డే తెలుగు దేశానికి వచ్చి 1840లో ఈ ఊళ్లో మిషన్ పెట్టాడు. నాలుగేళ్లకు అలబామా బాప్టిస్టులు ఆ సంస్థకు సూటిగా ప్రశ్న వేశారు: బానిసల యజమానిని మిషనరీగా పంపుతారా? పంపమని బోస్టన్‌లోని బోర్డు జవాబిచ్చింది. 1845 మేలో దక్షిణాది వాళ్లు జార్జియాలోని ఆగస్టాలో వేరే కుంపటి పెట్టుకున్నారు. నెల్లూరు మిషన్ ఉత్తరాది వాళ్ల చేతిలో మిగిలింది. ఫలితం కనబడ్డంలేదు, మూసేద్దామా అని 1853లో ఆల్బనీలో చర్చ వచ్చినప్పుడు, శామ్యూల్ స్మిత్ దీన్ని ఒంటరి నక్షత్రమని పిలుస్తూ రాత్రికి రాత్రి కవిత రాశాడు. లోన్ స్టార్ మిషన్ అన్న పేరు అలా నిలిచింది. 1831లో అమెరికా దేశభక్తి గీతాన్ని రాసింది కూడా ఈ స్మిత్తే. పార్టీలు చీలకముందే చర్చిలు చీలాయి. ఆ చీలిక గుర్తు మన ట్రంకు రోడ్డుకు కూతవేటు దూరంలో ఉంది.

చివరగా బోర్డు మీద ఇంకో నాలుగు తేదీలు. టాల్మడ్జ్ సవరణ నెగ్గి ఉంటే, మిస్సోరీ రాష్ట్రమైన రోజున, 1821 ఆగస్టు 10న, సెయింట్ లూయిస్‌లో ఒక బానిస తల్లికి పుట్టిన ఆడపిల్ల 1846 ఆగస్టు 10న స్వతంత్రురాలయ్యేది. సవరణ నెగ్గలేదు. 1846 ఏప్రిల్‌లో అదే ఊరి కోర్టులో డ్రెడ్ స్కాట్, ఆయన భార్య హారియట్ తమ స్వేచ్ఛ కోసం దావా వేశారు. 1857 మార్చి 6న, మన్రో సంతకానికి సరిగ్గా 37 ఏళ్లు నిండిన రోజున, సుప్రీంకోర్టు డ్రెడ్ స్కాట్ పౌరుడు కాడని, మిస్సోరీ గీత మొదటి నుంచీ చెల్లదని తీర్పిచ్చింది. 1820లో పదివేలున్న మిస్సోరీ బానిసలు 1860 నాటికి 1,14,931 మంది అయ్యారు. ఆ రాష్ట్రంలో బానిసత్వం పోయింది 1865 జనవరి 11న. 1821 ఆగస్టు 10న పుట్టిన ఆ పిల్ల అప్పటికి బతికి ఉంటే, వయసు 43.